యేసన్న కూతురి రంగు

1983 మే 13. శుక్రవారం. ఉదయం 6.10.

రాగులదిన్నె బజారులో పెయింటర్ ఈరన్న శవమై కనిపించాడు.

షాపులో బోర్లా పడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. ఒకటే దెబ్బ. పక్కనే రంగులు నూరే గుండ్రాయి. ముప్పై ఏళ్లు ఆ రాయిని నమ్ముకుని బతికిన మనిషి ఆ రాయితోనే పోయాడు.

మొదట చూసింది భార్య నాగలక్ష్మమ్మ. ఎండాకాలం ఈరన్న ఇంటికి రాడు, షాపులోనే పడుకుంటాడు. పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి ఆమె చెంబుతో నీళ్లు తెస్తుంది. ఆ రోజు చెంబు చేతిలోంచి జారిపోయింది. నాలుగు రోజులకొకసారి నీళ్ల ట్యాంకరు వచ్చే ఊరది. నీళ్లన్నీ గడప మీదే ఇంకిపోయాయి.

9.40కి పోలీసు జీపు వచ్చి ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ముత్యాలప్ప దిగాడు. పదిహేడేళ్ల సర్వీసులో తొమ్మిది ట్రాన్స్‌ఫర్లు. అన్నీ నోటి దురుసు పుణ్యమే. తప్పు చూస్తే మాట ఆగదు, ఎదుటివాడు ఎవడన్నది చూడడు.

ఎస్.ఐ. రామదాసు ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

"కేసు అయిపోయినట్లే సార్. ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు."

"శవాన్ని ఎన్నింటికి చూసినావు?"

"ఆరున్నరకు సార్."

"వాణ్ణి ఎన్నింటికి పట్టుకున్నావు?"

"ఏడున్నరకు."

"గంటలో తేల్చేసినావా? ఎవరు వాడు? రైతా, షావుకారా, ఆఫీసరా?"

రామదాసు గొంతు తగ్గింది. "కూలోడు సార్. యేసన్న అని. కరువు పనుల్లో మట్టి మోస్తాడు."

"అదీ సంగతి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు. సాక్ష్యం?"

సాక్ష్యం పక్క షాపువాడు. సైకిళ్లు రిపేరు చేసే ఆదెప్ప. బక్కపలుచని మనిషి, చేతులకు గ్రీజు. పిలవగానే వచ్చి నిలబడ్డాడు.

"నిన్న సాయంత్రం ఏం జరిగింది?"

"ఐదు గంటలప్పుడు సార్, యేసన్న వచ్చినాడు. గట్టిగా అరిచినాడు. 'నా బిడ్డను ఇట్ల చేస్తావా' అని. నాకు ఇదే వినబడింది."

"యేసన్న పోవడం చూసినావా?"

"లేదు సార్. ఐదున్నరకు నేను షాపు మూసి ఇంటికి పోయినా."

"నీకూ ఈరన్నకూ ఏమన్నా తగవు ఉందా?"

ఆదెప్ప నీళ్లు నమిలాడు. "ఈ నడిమి గోడ గురించి అప్పుడప్పుడు మాటా మాటా అనుకుంటాంటిమి. అంతే సార్. గోడకోసం మనిషిని చంపుతామా?"

"రాయలసీమలో చంపరా?"

ఆదెప్ప చేతి గ్రీజు తుడుచుకోసాగాడు.

ముత్యాలప్ప షాపులోకి నడిచాడు. చిన్న గది. గోడ నిండా బ్రష్‌లు, డబ్బాలు. మూలన కొక్కేనికి వేలాడుతున్న లాంతరు. ఆయన దాన్ని దించి ఊపాడు. చప్పుడు లేదు. గాజు చిమ్నీ నల్లగా మసిబారి ఉంది.

"అమ్మా, దీంట్లో కిరసనాయిలు ఎప్పుడు పోసినావు?"

గడప దగ్గర కూర్చున్న నాగలక్ష్మమ్మ తలెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. కానీ గొంతు గట్టిగానే ఉంది.

"దినామూ పొద్దున పోస్తా సార్. నిన్న కూడా నిండా పోసినా."

"అంటే రాత్రంతా వెలిగి, నూనె అయిపోయి ఆరిపోయింది. విన్నావా రామదాసూ? నిన్న పొద్దు మునిగింది ఆరున్నర దాటినాక. చీకటి పడినాకే ఈరన్న లాంతరు వెలిగించినాడు. ఐదింటికి చచ్చినవాడు దీపం వెలిగిస్తాడా?"

"యేసన్న మళ్లీ వచ్చుండొచ్చు గదా సార్..."

"వచ్చుండొచ్చు. నువ్వూ వచ్చుండొచ్చు."

ఎదురుగా రెండు బోర్డులు నిలబెట్టి ఉన్నాయి.

ఒకటి పెద్దది. తలపాగా, మీసం ఉన్న పెద్దాయన పటం. ముఖం దొరసాని బుగ్గలాగ గులాబీరంగులో నిగనిగలాడుతోంది. అయితే ఎడమ చెంప మీద ఒక్క బ్రష్ గీత అడ్డంగా పడింది. గోధుమరంగు కన్నా ముదురు. ముత్యాలప్ప వేలితో తాకాడు. వేలికి రంగు అంటింది.

రెండోది చిన్నది. ఒక అమ్మాయి. పద్దెనిమిది పంతొమ్మిదేళ్లుంటాయి. జడ, చెవులకు చిన్న కమ్మలు, ముఖం గీతలు మాత్రమే. రంగు లేదు. వేసిన తెల్లపూతను గుడ్డతో తుడిచేసిన గుర్తులున్నాయి.

బోర్డుల ముందు నాలుగు మట్టి గిన్నెలు. మూడింట్లో రంగు ఎండి పగిలిపోయింది. నాలుగోదాని మీద ఆముదపాకు కప్పి ఉంది. ఆకు తీస్తే కింద రంగు ఇంకా మెత్తగా ఉంది. చెంప మీది గీతా ఇదే రంగు.

"ఈ ఆకు ఎందుకమ్మా?"

"ఆ రంగుతో ఇంకా పని ఉంటే ఎండిపోకుండా కప్పుతాడు సార్. పని అయిపోతే వదిలేస్తాడు."

"ఎవరి పటాలివి?"

"పెద్దది కాంట్రాక్టర్ శ్రీరంగప్ప వాళ్ల నాయనది. ఎల్లుండి ఆదివారం కల్యాణ మంటపంలో పెడతారంట. చిన్నది యేసన్న కూతురిది. సువార్తమ్మ. పోయిన కార్తీకంలో కుంటకట్ట పనిలో మట్టిగడ్డ విరిగి మీద పడి చచ్చిపోయింది."

"ఆ పని కాంట్రాక్టు ఎవరిది?"

నాగలక్ష్మమ్మ పెద్ద పటం వైపు చూపు తిప్పింది. "వాళ్ళదే."

ముత్యాలప్ప పళ్లు కొరికాడు.

*

10.25. లాకప్.

యేసన్న గోడకానుకుని కూర్చున్నాడు. పైన గుడ్డ లేదు. వీపు మీద లాఠీ వాతలు ఉబ్బి ఉన్నాయి. రేకుల కప్పు కింద గాలి లేదు. ఒళ్ళంతా చెమట కారిపోతోంది.

"ఎవరు కొట్టింది?" అన్నాడు ముత్యాలప్ప.

సెంట్రీ నేల చూపులు చూశాడు. రామదాసు టోపీ సర్దుకున్నాడు.

"నోరుందా మీకు? ఒప్పుకోమని కొట్టినారా? రేపు కోర్టులో నిలబెట్టి ఒక ఉరి ఖాయం చేస్తే మెడల్ ఇస్తారనుకున్నారా?" ఆయన గొంతు స్టేషన్ బయటిదాకా వినబడింది. "మంచినీళ్లు తీసుకరాపో."

యేసన్న రెండు గుక్కలు తాగాడు. మిగతా నీళ్లు దాచుకున్నట్టు చెంబు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యేసన్నా, ఈరన్నతో ఎందుకు కొట్లాడినావు?"

"కొట్లాడల్యా సామీ. ఏడ్చినా. నా బిడ్డ ఫోటో లేదు. బతికినన్నాళ్లూ ఒక ఫోటో తీసుకోలేదు మేము. రూపు మరిచిపోతానేమోనని భయమేసి ఈరన్న కాడికి పోయినా. నా ముఖం చూసి, నేను చెప్పింది విని ఆయప్ప గీసినాడు. అచ్చం నా బిడ్డే. కానీ రంగు తెల్లగా వేసినాడు."

"తెల్లగా వేస్తే మంచిదే గదా?"

"ఎట్ల మంచిది సామీ? తెల్లగా ఉంటే అది ఎవరో షావుకారు బిడ్డ. నా బిడ్డ కాదు. నా బిడ్డను ఇట్ల చేస్తావా అని అరిచినా. ఆయప్ప కోపం చేసుకోలేదు. నగినాడు. 'ముప్పై ఏండ్లలో తెల్లగా వద్దన్నోడివి నువ్వొక్కడివే యేసన్నా' అన్నాడు. పూత తుడిచేసినాడు. కొత్తగా కలిపినాడు. నీ రంగూ నీ బిడ్డ రంగూ ఒకటేనా అని అడిగినాడు. ఒకటే అంటి. నా చేతికి పూసి చూసినాడు."

"యాడ పూసినాడు?"

"ఇదో, మోచేతి కింద. ఈడ."

ముత్యాలప్ప వంగి చూశాడు. ఏమీ లేదు. వట్టి చర్మం. ఇంకా దగ్గరగా చూశాడు. భుజం మీది చెమట చుక్క ఒకటి కిందికి జారింది. మోచేతి కిందికి వచ్చి, అక్కడ రూపాయంత చోటు చుట్టూ తిరిగి పక్కకు పోయింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎన్నింటికి వెళ్లిపోయినావు?"

"ఆరు కాకముందే సామీ. రేపు రా, ముఖం నింపుతా అన్నాడు. ఈ పొద్దు తెల్లవారక ముందే లేసి కూర్చున్నా. పోలీసులు వచ్చినారు."

*

11.15. మళ్లీ ఈరన్న షాపు.

బుల్లెట్ మోటారుసైకిల్ మీద శ్రీరంగప్ప వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తెల్ల చొక్కా, పొడుగు చేతులు, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు. శవాన్ని తీసుకెళ్లిన చోట ఇంకా నెత్తురు మరక ఉంది. దాన్ని దాటుకుని పటం దగ్గరికి నడిచాడు.

"మా నాయన పటం తీసుకపోదామని వచ్చినా ఇన్‌స్పెక్టరు గారూ. ఎల్లుండి ఫంక్షన్."

"అది కేసు ప్రాపర్టీ. చేయి తీయి."

"ఏమప్పా, పటానికీ కేసుకూ ఏం సంబంధం?"

"నువ్వు చెప్పు. ఎప్పుడు వచ్చినావు ఈ షాపుకు?"

"పది దినాలైంది. ఆర్డరిచ్చి పోయినా. మళ్ళ ఈ పక్కకు రాల్యా."

"నిన్న సాయంత్రం ఏడింటికి యాడున్నావు?"

"ఇంట్లో. అడిగి చూడు. ఆ యేసన్న ఏమో చేసినాడంటనే, వాణ్ణి అడగకుండా నన్నడుగుతావేంది?"

ముత్యాలప్ప అతణ్ణి వదిలి నాగలక్ష్మమ్మ పక్కన గడప మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఒళ్ళు రంగు ఎట్ల కలుపుతాడు మీ ఆయన?"

"నేనే నూరుతా సార్. తెలుపు, ఎర్రటి జాజు, పచ్చమన్ను, రవ్వంత నీలం. నలుపు మాత్రం వేయడు. నలుపు డబ్బా మా షాపులో బోర్డు మీద అక్షరాలకే. నలుపు వేస్తే పీనుగు రంగు వస్తాది అంటాడు. ఎంత నల్లటి మనిషికైనా జాజూ నీలమే."

"కుదిరింది లేనిది ఎట్ల తెలుస్తాది?"

"మనిషి చేతికి పూస్తాడు. చచ్చిపోయినోళ్ల పటమైతే వాళ్ల రక్తసంబంధం చేతికి పూస్తాడు. రంగు కనపడితే తప్పు. చేతిలో కలిసిపోయి కనపడకపోతే సరి. అప్పుడే బోర్డు మీద ఒక గీత గీస్తాడు."

"చేతికి చూడకుండా గీయడా?"

"చచ్చినా గీయడు."

ముత్యాలప్ప లేచాడు. పెద్దాయన చెంప మీది గీతను ఒకసారి చూశాడు. గడియారం చూశాడు. 11.35.

"రామదాసూ. యేసన్నను తీసుకరా. బేడీలు వద్దు. ఆదెప్పను పిలువు. శ్రీరంగప్ప ఈడనే ఉంటాడు."

*

11.55. షాపు ముందర బజారు.

నడినెత్తిన ఎండ. అనంతపురం జిల్లా మే నెల ఎండంటే చెప్పేదేముంది, కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. ముత్యాలప్ప ముగ్గుర్నీ వరసగా నిలబెట్టాడు. ఆదెప్ప, యేసన్న, శ్రీరంగప్ప. చుట్టూ ఊరు మూగింది.

"చొక్కా చేతులు పైకి మడవండి. భుజందాకా."

"ఎండలో నిలబెట్టేదానికి నేనేమన్నా దొంగనా? ఎస్పీకి ఫోన్ చేస్తా!" శ్రీరంగప్ప ముఖం ఎర్రబడింది.

"చేద్దువులే. ముందు మడువు. నిన్న ఈరన్న హంతకుడి చేతికి రంగు పూసినాడు."

ఆ మాటకు గుంపంతా ఒకరి చేతులొకరు చూసుకున్నారు. శ్రీరంగప్ప మాత్రం తన కుడి మోచేయి చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. తరవాత తేరుకుని నవ్వాడు. చేతులు మడిచి ముందుకు చాపాడు.

"చూసుకో. యాడుండాది రంగు?"

నిజమే. ఎక్కడా రంగు లేదు.

పది నిమిషాలు గడిచాయి. ముగ్గురి ఒళ్ళూ తడిసిపోయాయి. ముత్యాలప్ప ఒక్కొక్కరి చేయీ పట్టుకుని, ఎండకు ఏటవాలుగా తిప్పి చూశాడు.

ఆదెప్ప చేతి నిండా చెమట.

యేసన్న చేతి నిండా చెమట. మోచేతి కింద రూపాయంత చోటు తప్ప.

శ్రీరంగప్ప చేతి నిండా చెమట. మోచేతి కింద రూపాయంత చోటు తప్ప.

"అమ్మా, టర్పెంటైన్."

నాగలక్ష్మమ్మ సీసా తెచ్చింది. ముత్యాలప్ప తెల్లగుడ్డ తడిపి యేసన్న చేతి మీద రుద్దాడు. గుడ్డకు రంగు అంటింది. ఇంకో గుడ్డ తడిపాడు. శ్రీరంగప్ప చేయి వెనక్కి లాక్కోబోయాడు. ఇన్‌స్పెక్టర్ పట్టు సడలలేదు. రుద్దాడు.

రెండు గుడ్డలూ పక్కపక్కన ఎత్తి పట్టుకున్నాడు. ఒకటే రంగు. ఆముదపాకు కింది గిన్నె రంగు.

"నూనెరంగు పూసిన చోట చెమట బయటికి రాదు. నువ్వు తుడుచుకున్నావు. లాంతరు వెలుగులో చూసుకున్నావు. కనపడల్యా. పోయిందనుకున్నావు. పోలేదు శ్రీరంగప్పా. ఈరన్న పనితనం అట్లాంటిది. సరిగ్గా నీ ఒంటిరంగే కలిపినాడు గనక నీ ఒంటి మీది సాక్ష్యం నీకే కనపడల్యా."

ముత్యాలప్ప రెండు గుడ్డలూ అతని ముందుకు చాపాడు.

"ఈ రంగు కలిపింది నిన్న ఐదు దాటినాక. పది దినాలుగా రానోడి చేతికి ఎట్ల వచ్చింది?"

శ్రీరంగప్ప అరిచాడు. భయంతో కాదు, కోపంతో. ఆ కోపం నిన్నటిదే, ఇంకా చల్లారలేదు.

"పటం చూసుకుందామని వచ్చినా. ముఖం తెల్లగా, బ్రహ్మాండంగా ఉండాది. బాగుందంటి. ఆ ముసలోడు ఊరుకోలేదు. 'మీ నాయన ఇట్ల లేడు శ్రీరంగప్పా. కూలోడు యేసన్నే తన బిడ్డకు తెల్లరంగు వద్దన్నాడు, నీకేం రోగం' అన్నాడు. నాకు! నా చేయి పట్టుకుని గిన్నెలోది పూసినాడు. కలిసిపోయింది. వేరే కలపనక్కరలేదు, ఇదే సరిపోయిందని నగినాడు. ఎవరికి కలిపిన రంగురా ఇది అంటి..."

ఆగిపోయాడు.

"చెప్పు," అన్నాడు ముత్యాలప్ప.

"యేసన్న కూతురిది అన్నాడు. అనేసి బ్రష్ ముంచుకుని, గిన్నె మీద మళ్ళ ఆకు కప్పి, పటం పక్క తిరిగినాడు. మా నాయన ముఖానికి ఆ రంగు గీత గీసినాడు. మా నాయన ముఖానికి! ఆ కూలి ముండ రంగు..."

మాట పూర్తి కాలేదు. ముత్యాలప్ప చేయి లేచింది. చెంప పగిలేదే. కానీ ఆయన కన్ను యేసన్న వీపు మీది వాతల మీద పడింది. లేచిన చేయి దిగింది.

"ఒకే పోలిక రంగు మీ ఇద్దరిదీ. దేవుడు కలిపినాడో, ఈ ఎండ కలిపిందో. దానికి ఒక మనిషిని చంపినావు. థూ! రామదాసూ, బేడీలు వేయి. వేసినాక నీ సంగతి. యేసన్న వీపు మీద ఎన్ని వాతలున్నాయో లెక్కపెట్టి రాస్తాండా నీ మీద రిపోర్టు. ఇంకొకటి. సువార్తమ్మ చావుకు పంచనామా రాసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు రామదాసు వినీవినబడనట్టు.

"ప్రమాదం అని రాసినావా?"

"అవును సార్."

"కాంట్రాక్టర్ పేరు?"

"రాయలేదు సార్."

"ఆ ఫైలు సాయంత్రం లోపల నా టేబుల్ మీద ఉండాల."

కానిస్టేబుల్ లోపలికి వెళ్లి రంగు గిన్నెకు గుడ్డ కట్టి, లక్క సీలు వేయడానికి అగ్గిపుల్ల గీశాడు. యేసన్న ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. చేతులు జోడించాడు.

"సామీ, అది నా బిడ్డ ముఖానికి కలిపిన రంగు. కోర్టులో పెడితే ఎండిపోతాది గదా."

ముత్యాలప్పకు కోపం తప్ప మరేదీ త్వరగా రాదు. ఆ క్షణంలో అదీ రాలేదు.

నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది.

"తీసుకపోనీ యేసన్నా. గిన్నె పోతే పోనీ. ఆ రంగు నూరింది నా చేతులే."

*

ఈరన్న పదకొండో దినం అయిన మరుసటి రోజు పొద్దున 8 గంటలకు ముత్యాలప్ప జీపు ఆ బజారు మీదుగానే పోతోంది. షాపు తలుపు తెరిచి ఉంది. డ్రైవర్‌ను ఆపమన్నాడు. దిగలేదు, కూర్చునే చూశాడు.

గుండ్రాయి కూడా కోర్టుకే పోయింది. నాగలక్ష్మమ్మ ఇంట్లో కారం నూరే రాయి తెచ్చుకుంది. నూరుతోంది. తెలుపు, జాజు, పచ్చమన్ను. వేలి కొసతో రవ్వంత నీలం. యేసన్న ఎదురుగా చేయి చాపుకుని కూర్చున్నాడు.

ఆమె పూసింది. ఇద్దరూ వంగి చూశారు.

"కొంచెం ఎర్రగా ఉండాది," అంది. తుడిచింది. మళ్లీ కలిపింది. మళ్లీ పూసింది.

"యాడుండాదమ్మా? నాకు కనపడల్యా," అన్నాడు యేసన్న.

"కనపడకపోతేనే సరిపోయినట్టు."

ఆమె బ్రష్ తీసుకుంది. చిన్న బోర్డు మీద భర్త గీసిన గీతలు అలాగే ఉన్నాయి. ముప్పై ఏళ్లు రంగు నూరింది తప్ప ఏనాడూ బ్రష్ పట్టని చేయి.

"గీత ఆయప్పది. రంగు నేను నింపుతా. నువ్వు ఆ వెలుగులోకి జరిగి కూర్చో యేసన్నా. నీ బిడ్డ ముఖం యాడ్నుంచి మొదలుపెట్టాల్నో చెప్పు."

యేసన్న వెలుగులోకి జరిగాడు.

"చెంప కాడ్నుంచి మొదలుపెట్టమ్మా," అన్నాడు. "మట్టిలోంచి తీసినప్పుడు నేను తుడిచింది ఆ చెంపే."